అత్తయ్య దగ్గర ఆగిన చెయ్యి

చిరంజీవి కోడలికి,

మావయ్య ఆశీర్వదించి రాసేది. ఇక్కడ మేం క్షేమం. అలా రాయడం పద్ధతి గనక రాశాను. ఆ మాటలో కాస్త తేడా ఉంది, తరవాత చెబుతాను. అక్కడ నువ్వు, అబ్బాయి, చంటిది బాగున్నారని నీ ఉత్తరం చూసి సంతోషించాం. చంటిదానికి పళ్ళు వస్తున్నాయని రాశావు చూడు, ఆ ఒక్క వాక్యం మీ అత్తయ్య నాచేత పదే పదే చదివించుకుంది. ఎవరిని కరిచిందో రాయలేదేమని అడగమంది. అడిగాను.

మొన్న ఫోనులో అబ్బాయితో ఒక మాట చెప్పించాను. నా ఉత్తరం అందేదాకా నువ్వు ల్యాబులో హాట్ ప్లేటు శుభ్రం చేసే పనికి వెళ్ళొద్దని. "ఎందుకు నాన్నా?" అన్నాడు వాడు. ఫోను మీ అత్తయ్య చేతికి ఇచ్చేశాను. ఆవిడ పళ్ళ గురించి మాట్లాడి పెట్టేసింది. నీ పని మీద నాకు కోపం వచ్చిందేమోనని నువ్వు దిగులు పడుతున్నావట. కోపం కాదమ్మాయ్. ఉంటే నా మీదే. ఫోనులో నాకు మాట రాదని నీకు తెలుసు. ఎదురుగా కూర్చున్నా వచ్చేది అంతంతమాత్రమే. కాగితమైతే తొందరపెట్టదు.

నీకూ, నువ్వు పని నేర్పుతున్న ఆ ఇద్దరమ్మాయిలకూ చేతులు కాలకుండా ఉండాలని ఈ ఉత్తరం. మొత్తం చదివాకే మళ్ళీ ఆ గదిలోకి వెళ్ళు. అక్షరాలు వంకరగా ఉన్నాయి, ఓపిక పట్టు.

ముందు నువ్వు అడిగినవి.

హాట్ ప్లేటు మీద మాడి అంటుకున్నది ఎంత రుద్దినా పోవడం లేదన్నావు. రుద్దకు, నానబెట్టు. స్విచ్ ఆపితే చాలదు, ప్లగ్గు గోడలోంచి ఊడి చేతికి రావాలి. తీగ వేడెక్కే పై పలకకు తగలకుండా పక్కన పెట్టు. పలక పూర్తిగా చల్లారాక తడిపి గట్టిగా పిండిన గుడ్డ దాని మీద పరిచి, టీ తాగి రా. వచ్చేసరికి మాడు మెత్తబడుతుంది. వంటసోడా ముద్దలా కలిపి మెత్తటి గుడ్డతో తుడువు. ఇనప పీచు వద్దు, బ్లేడు వద్దు. గీత పడితే ఈసారి మాడేది ఆ గీతలోనే. మీద నీళ్ళు కుమ్మరించకు, బటన్ల సందులోంచి లోపలికి దిగుతాయి. తడి ఆరాకే మళ్ళీ ప్లగ్గు. వేడి మీద తడిగుడ్డ వేస్తే తెల్ల పలక టప్పున పగులుతుంది. స్పిరిటుతో తొందరగా పోతుందని ఎవరో ఒకరు చెబుతారు. పలక వెచ్చగా ఉన్నంతసేపు స్పిరిటు సీసా ఆ బల్ల దగ్గరికే రాకూడదు.

అన్నిటికంటే ముందు, ఆ మాడింది ఏమిటో అడుగు. "ఇక్కడ ఒలకబోసింది ఎవరు, ఏం ఒలకబోశారు?" అని గట్టిగా అడుగు. నేను సిగ్గుపడి అడిగేవాణ్ణి కాదు. ఒకసారి అది యాసిడ్ అని తెలియక తుడిచి చొక్కా చేతికి చిల్లులు పెట్టుకున్నాను. పిండి జల్లించడానికి పనికొస్తుందని ఆ చొక్కా దాచానని మీ అత్తయ్య ఇప్పటికీ వచ్చినవాళ్ళందరికీ చెబుతుంది. నీకూ చెప్పే ఉంటుంది.

పాత్రలు వేడినీళ్ళలో ఉంచే ఆ వాటర్ బాత్ తొట్టి అడుగున తెల్లగా పేరుకున్నది మురికి కాదు, నీళ్ళలో ఉండే ఉప్పే. చల్లారాక నీళ్ళు తీసేసి, వెనిగర్ కలిపిన నీళ్ళు పోసి కాసేపు వదిలెయ్. పొరలు పొరలుగా లేస్తుంది. బాగా కడిగి డిస్టిల్డ్ వాటరే పొయ్. కొళాయి నీళ్ళు పోస్తే మళ్ళీ మొదటికి వస్తావు. నీళ్ళు లేకుండా మాత్రం స్విచ్ వెయ్యనివ్వకు.

ఫర్నేసు తొందరగా చల్లారాలని తలుపు బార్లా తీసి ఫ్యాను పెడుతున్నారని రాశావు. ఎవరమ్మా ఆ మేధావి? లోపలి ఇటుకలు నెర్రెలిస్తాయి. తీసినవాళ్ళ కనుబొమలు కూడా దక్కవు. తలుపు మూసి దాని మానాన దాన్ని వదిలెయ్యండి. ఈరోజు కాల్చింది రేపు శుభ్రం చేసుకోవచ్చు. లోపల మెత్తటి బ్రష్షే, నీళ్ళ చుక్క తగలకూడదు. తలుపు చుట్టూ దూదిలా ఉండేది దూది కాదు, దాని పొడి ఊపిరితిత్తుల్లోకి పోతే మంచిది కాదు. అది చెదిరి ఉంటే నువ్వు ముట్టుకోకు, బాగుచేసేవాళ్ళను పిలిపించమను. మాస్కు పెట్టుకో. నోటితో ఊదకు. నేను ఊదేవాణ్ణి. ముఖమంతా బూడిదతో బయటికొస్తే కాలేజీ పిల్లలు కొలిమి తాత అని పేరు పెట్టారు. పేరు బాగుందని నేనూ మురిసిపోయి ఊదడం మానలేదు.

ఇంకొకటి అడిగావు. "అత్తయ్య ఫోనులో చెప్పి ఒకటే నవ్వు, మీరు ఒక కాలి చెప్పుతోనే ఇంటికొచ్చారట, నిజమేనా మావయ్యగారూ?" అని.

నిజమే. బస్సు దిగి సందులోంచి నడిచి వచ్చాను. గుమ్మంలో మీ అత్తయ్య నా కాళ్ళకేసి చూసి, "ఏవండీ, రెండోది ఎవరికి దానం చేశారు?" అంది. చూసుకుంటే ఎడమ కాలికి చెప్పు లేదు. ఎక్కడ జారిందో తెలియదు. కంకర రోడ్డు మీద అంత దూరం ఉత్త కాలితో నడిచినట్టు కూడా తెలియలేదు. ఆవిడ నవ్వింది. నేనూ నవ్వాను. వీధి చివర పాలబ్బాయికి దొరికితే తెచ్చిచ్చి వాడూ నవ్వాడు. నవ్వుకోవాల్సిన సంగతి కాదని అప్పుడు మాకు తెలియదు.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. ఇంతసేపూ దాని చుట్టే తిరుగుతున్నానని నీకు అర్థమయ్యే ఉంటుంది.

నువ్వు మా కాలేజీ ల్యాబులో నా కింద పని నేర్చుకున్న రోజులు గుర్తున్నాయి కదా. పలక చల్లారిందో లేదో తెలుసుకోవడానికి నీకు ఒక పద్ధతి నేర్పాను. నాకు ముందు ఆ గదిలో పనిచేసినాయన నాకు నేర్పిన పద్ధతే. పలకకు బెత్తెడు ఎత్తున చెయ్యి తిరగేసి పెట్టాలి. ఇంట్లోవాళ్ళను వరసగా తలుచుకోవాలి. వరస అయ్యేదాకా చెయ్యి నిలిస్తే తుడవచ్చు. మధ్యలో లాక్కోవాల్సి వస్తే ఆగాలి. నా వరస మా నాన్నతో మొదలై అబ్బాయితో ముగిసేది. నువ్వు మా ఇంటికి వచ్చాక చివర ఒక మనిషి పెరిగింది. నీతో ముగిసేది. ఇది నీకెప్పుడూ చెప్పలేదు.

నువ్వు మొదలుపెట్టిన రోజు నాకు బాగా గుర్తుంది. అమ్మ, నాన్న, మావయ్య, అత్తయ్య అని పైకే అంటూ, అత్తయ్య దగ్గరికి వచ్చేసరికి "అబ్బా!" అని చెయ్యి లాగేసుకున్నావు. నేను నా చెయ్యి పెట్టి వరస మొత్తం చదివి, "చల్లారిందమ్మాయ్, తుడువు" అన్నాను.

"కాలుతోందండీ మావయ్యగారూ" అన్నావు.

"కొత్తలో అలాగే ఉంటుంది. చెయ్యి అలవాటు పడుతుంది."

సాయంత్రం ఇంట్లో చెబితే మీ అత్తయ్య నడుం మీద చెయ్యి వేసుకుని, "మీ అమ్మా నాన్నా చల్లగా ఉన్నారు, మీ మావయ్యా చల్లగా ఉన్నాడు, నా పేరు ఎత్తగానే కాలిందేమే నీకు?" అంది. నువ్వు పడీ పడీ నవ్వావు. ఆ తరవాత రోజూ ఇదే వేళాకోళం. "ఈరోజు నన్ను దాటావా లేదా?" అని అడిగేది. నువ్వు తల అడ్డంగా ఊపేదానివి. రోజూ అత్తయ్య దగ్గరే ఆగేది నీ చెయ్యి. రోజూ నేను పక్కనుంచి చల్లారిందనే అన్నాను. ల్యాబు చూసే మేడమ్ దగ్గర గ్లవుజులు అడుగుతానన్నావు. అక్కర్లేదన్నాను. చేతికి గుడ్డ తొడిగితే చెయ్యి మొద్దుబారుతుందని నీకు పాఠం కూడా చెప్పాను.

తరవాత ఆ మేడమే పలకకు ఆనించి వేడి చూసే థర్మామీటరు ఒకటి, మోచేతిదాకా వచ్చే మందపాటి గ్లవుజులు ఒక జత కొనిచ్చింది. నేను ఆ పెట్టె విప్పనే లేదు. "ఏం తాతా, పెట్టె అలాగే ఉందేంటి?" అంటే, "వాడితే పాడవుతాయి మేడమ్" అన్నాను. ఆవిడ నవ్వి ఊరుకుంది. ఊరుకోకుండా ఉండాల్సింది.

నీ ఉత్తరం రావడానికి కొన్నాళ్ళ ముందు సంగతి. క్లాసు అయిపోయింది. హాట్ ప్లేటు మీద ఏదో పొంగి మాడింది. ప్లగ్గు తీశాను. చెయ్యి తిరగేసి పెట్టాను. మా నాన్నతో మొదలుపెట్టి నీ దాకా వచ్చాను. చెయ్యి కదల్లేదు. చల్లారిందనుకున్నాను. పొడి గుడ్డతో మాడు గట్టిగా నొక్కి రుద్దడం మొదలుపెట్టాను. పాత గుడ్డ, వేళ్ళ దగ్గర చిరిగింది.

కాలిన వాసన వచ్చింది. ఎవరో పొయ్యి మీద ఏదో పెట్టి మరిచిపోయారనుకున్నాను. రుద్దుతూనే తల తిప్పి పక్క బల్లకేసి చూశాను. ఏమీ లేదు. ఈ పిల్లలకు ఎంత చెప్పినా ఇంతే అని విసుక్కున్నాను. అప్పుడు మేడమ్ గుమ్మంలోంచి అరిచింది. "తాతా! చెయ్యి! చెయ్యి తియ్యండి!" పరిగెత్తుకొచ్చి నా మణికట్టు పట్టుకుని లాగింది. చూసుకుంటే కుడి చేతి వేళ్ళు రెండు తెల్లగా ఉడికిపోయి ఉన్నాయి. మాడుతున్నది నేనేనమ్మా. నాకు తెలియలేదు.

ఆవిడ కొళాయి కింద నా చెయ్యి పెట్టి పట్టుకుని, వదల్లేదు. నొప్పిగా ఉందా అని అడుగుతూనే ఉంది. లేదని చెప్పినప్పుడల్లా ఆవిడ ముఖం ఇంకా పాలిపోతోంది.

డాక్టరు కట్టు కట్టి, రక్తంలో చక్కెర చూసి, నన్ను కళ్ళు మూసుకోమన్నాడు. "ఎక్కడ ముట్టుకుంటున్నానో చెప్పండి పెద్దాయనా."

నేను కాసేపు ఆగి, "మీరింకా మొదలుపెట్టలేదు కదండీ" అన్నాను.

కళ్ళు తెరిచాను. ఆయన చేతిలో సన్నటి పుల్ల ఉంది. దాని కొస నా ఎడమ చేతి వేలి మీదే ఆనించి ఉంది. మీ అత్తయ్య కిటికీకేసి తిరిగి నిలబడింది. కాళ్ళూ అంతే. చెప్పు సంగతి మీ అత్తయ్యే చెప్పింది ఆయనకు, ఈసారి నవ్వకుండా.

చక్కెర జబ్బు నరాలను తినేసిందట. నేను మందులు సరిగ్గా వేసుకోలేదు. బాగానే ఉన్నాను కదా అనిపించినప్పుడల్లా మానేశాను. నువ్వు ప్రతి ఉత్తరంలో అడిగేదానివి, వేసుకుంటున్నాననే రాసేవాణ్ణి. "ఇది నిన్న మొన్న వచ్చింది కాదు. ఏళ్ళ తరబడి కొంచెం కొంచెంగా స్పర్శ పోతుంది, పోతున్నట్టు మనిషికి తెలియదు" అన్నాడు డాక్టరు. క్షేమం అన్న మాటలో తేడా ఇదే.

దీన్ని అబ్బాయికి నేను చెప్పలేదు. నువ్వు చెప్పు. నాకంటే నీకు బాగా చెప్పడం వచ్చు.

చేతికి కట్టుతో ఇంట్లో కూర్చుని ఉండగా నీ ఉత్తరం వచ్చింది. అరుగు మీద కూర్చుని చదువుకున్నాను. నువ్వు ఇలా రాశావు: "మావయ్యగారూ, ఇక్కడి వేడి సామానంతా నాకే అప్పగించారు. అందరూ థర్మామీటరు పెడితే నేను మీరు నేర్పినట్టు చెయ్యి పెడతాను. మొదట్లో అత్తయ్యను దాటలేకపోయేదాన్ని కదా, ఇప్పుడు వరస మొత్తం చదివేస్తున్నాను. చెయ్యి గట్టిపడింది. కొత్తగా చేరిన ఇద్దరమ్మాయిలకు కూడా ఇదే నేర్పుతున్నాను. అందులో చిన్నది కాలుతోందక్కా అని చెయ్యి లాక్కుంటోంది. కొత్తలో అలాగే ఉంటుంది, అలవాటు పడుతుంది అని చెప్పాను."

మొదటిసారి చదివినప్పుడు నాకు గర్వం కలిగింది. అది దాచను. కోడలు నా పేరు నిలబెట్టిందనుకున్నాను. కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాను. డాక్టరు మాట అప్పుడు గుర్తొచ్చింది. ఏళ్ళ తరబడి, కొంచెం కొంచెంగా. కాగితం మళ్ళీ తీశాను.

నువ్వు నా పక్కన నిలబడి కాలుతోందన్న రోజుల్లో నా చెయ్యి బాగుందా, అప్పటికే పోవడం మొదలైందా? ఎంత ఆలోచించినా తెలియడం లేదు. తెలుసుకునే దారి కూడా లేదు. కానీ రోజూ ఒకే పలక మీద ఇద్దరం చెయ్యి పెట్టాం. నీకు కాలింది, నాకు కాలలేదు. నువ్వు కొత్తదానివని నీ చెయ్యిదే తప్పన్నాను. నేను పాతవాణ్ణి, అంతే తేడా. అత్తయ్య దగ్గర ఆగిన నీ చెయ్యే సరిగ్గా చెప్పిందమ్మాయ్. నేనే దాని నోరు మూయించాను. ఇప్పుడు నా మాట నీ నోట్లోంచి ఆ చిన్నపిల్ల చెవిలో పడింది. నా వేళ్ళు కాలినందుకు నాకు అంత బాధ లేదు, అసలు నొప్పే లేదు. ఈ ఒక్క సంగతికి మాత్రం అన్నం సయించడం లేదు.

అందుకని చెబుతున్నాను. ఇక పలక మీద చెయ్యి పెట్టి చూడొద్దు. బెత్తెడు ఎత్తున కూడా వద్దు. పని అయ్యాక ప్లగ్గు తీసి, "వేడిగా ఉంది" అని రాసిన అట్ట దాని ముందు నిలబెట్టు. థర్మామీటరు ఉంది కదా, దాన్ని పలకకు ఆనించి చూడు. గది ఎంత వెచ్చగా ఉందో పలక కూడా అంతే ఉన్నప్పుడు అట్ట తీసెయ్. అప్పుడే తుడువు. వేడి వస్తువు కదపాల్సి వస్తే మందపాటి గ్లవుజులు వేసుకో. పల్చటి రబ్బరువి వెయ్యకు, అవి కరిగి చేతికి అంటుకుంటాయి. గాజు పాత్ర వేడిదైనా చల్లదైనా చూడ్డానికి ఒకేలా ఉంటుంది, నీ కళ్ళను కూడా నమ్మకు. ఎవరైనా తొందరపెడితే, మా మావయ్య వేళ్ళు ఉడికిపోయాయి అని చెప్పు. చెప్పడానికి మొహమాటపడకు.

గట్టిపడిందని రాసిన ఆ చెయ్యి డాక్టరుకు చూపించు. ఊరికే తోలు మందం అయి ఉండవచ్చు. అయినా కళ్ళు మూసుకుని చూపించుకో. ఏమన్నాడో వెంటనే రాయి. ఫోను చేసినా ఫరవాలేదు, ఈసారి నేనే మాట్లాడతాను.

ఆ ఇద్దరమ్మాయిలకూ ఈ ఉత్తరం చదివి వినిపించు. నా పరువు సంగతి చూసుకోకు. చిన్నమ్మాయికి మాత్రం విడిగా చెప్పు, నీ చెయ్యి మంచిది, అది చెప్పిందే విను అని. ఈ మాట నీకు నేను చెప్పి ఉండాల్సింది.

మేడమ్ ఇంటికి వచ్చి చూసి వెళ్ళింది. "మిమ్మల్ని తిట్టాలో, ఏడవాలో తెలియడం లేదు తాతా" అంది. రెండూ చేసింది. ఇక నన్ను వేడి గదిలోకి రానివ్వదట. పక్కనున్న గాజు సామాను గదిలో కూర్చుని పిల్లలకు బీకర్లు ఇస్తున్నాను. చల్లటి బీకర్లు. కట్టు చేత్తోనే వెళుతున్నాను, ఇంట్లో ఉంటే ఆలోచనలు ఎక్కువవుతున్నాయి. గ్లవుజుల పెట్టె మాత్రం నేనే విప్పి ఆ గదిలో మేకుకు తగిలించి వచ్చాను.

ఇంట్లో మర్యాదలు పెరిగాయి. టీ గ్లాసు మీ అత్తయ్య ముందు తన బుగ్గకు ఆనించి చూసి గాని నాకివ్వదు. స్నానానికి నీళ్ళు తోడితే మోచెయ్యి ముంచి చూస్తుంది. "పెళ్ళికొడుకునైనప్పుడు కూడా ఇంత జరగలేదు" అన్నాను. "అప్పుడు మీ ఒళ్ళు మీకు తెలిసేది" అంది.

కట్టు వల్ల కలం బొటనవేలికీ ఉంగరపు వేలికీ మధ్య పట్టుకుని రాస్తున్నాను. కలం పట్టుకున్నానో లేదో చూసుకుంటూ రాయాలి.

ఇంతవరకూ రాసింది మీ అత్తయ్యకు చదివి వినిపించాను. కళ్ళు తుడుచుకుని, ఒక మాట కలపమంది. ఆవిడ చెప్పింది చెప్పినట్టే రాస్తున్నాను.

"చెయ్యి పెట్టొద్దన్నారు కాబట్టి పెట్టదు, అది మాట వినే పిల్ల. వినబట్టే కదా ఇంతా జరిగింది. కానీ పాత అలవాటు, ఎప్పుడైనా మరిచిపోయి పెట్టినా పెడుతుంది. అప్పుడు నన్ను దాటి ముందుకు పోవద్దని రాయండి. అత్తగారంటే ఆ మాత్రం భయం ఉండాలి."

ఆవిడ నవ్వుతూనే అంది. నేను నవ్వకుండా రాస్తున్నాను. అక్కడే ఆగు తల్లీ.

ఇట్లు,
నీ చెయ్యి చెప్పింది వినని
నీ మావయ్య